నల్లకోటు స్టూడియోకి రెండో డిస్కు

“...సచ్చినోలకీ, ఊరొగ్గీసి పోయినోలకీ ఇంకో ఇల్లు కట్టిస్తావేటి? ఉన్నది సాల్దా?”

“ఇల్లు కాదే. డిస్కు.”

“ఏదైతే ఏటి. ఆ మొకాలు తుడిసీ. మీట నొక్కితే పోతాయి కదా, తుడిసీ.”

“మన పెళ్ళి ఫొటో మాసిపోనాదని నాను తుడిసీసేనా?”

“దాంట్లో నువ్వు పక్కకి సూస్తన్నావు. తుడిసీసినా నాకు బెంగ లేదు.”

ఒడిశా సరిహద్దు ఊరు రాయగడలో, స్టేషన్ రోడ్డులో సగం ఎత్తిన షట్టర్ బయట, బండి దిగకుండానే సుమంత్ ఇదంతా విన్నాడు. లోపల తగవు పడుతున్నది ఫొటో స్టూడియో మన్మథరావు, ఆయన భార్య గున్నమ్మ. మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళడం సుమంత్‌కి ఇష్టం లేదు. ఆ మాటకొస్తే ఎక్కడికి వెళ్ళి కూర్చోవడమూ అతనికి ఇష్టం లేదు. ఇంజనీరింగ్ రెండో ఏడు ఒక మధ్యాహ్నం నీళ్ళు తాగొస్తానని క్లాసులోంచి లేచాడు, మళ్ళీ వెళ్ళలేదు. మూడేళ్ళుగా ఊళ్ళో పాడైన కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేస్తున్నాడు. ఈ పనిలో అతనికి నచ్చింది ఒక్కటే. ఏ దుకాణంలోనూ గంటకి మించి ఉండక్కర్లేదు.

వెనక్కి తిప్పుకుని పోదామనుకుంటుండగా లోపల్నించి ఇంకో చప్పుడు వచ్చింది. టిక్. కాసేపు ఏమీ లేదు. టిక్, టిక్. సుమంత్ బండి దిగి షట్టర్ కిందనుంచి దూరాడు.

“బాబాయ్, ఇదెన్నాళ్ళనుంచి ఇలగ కొట్టుకుంటంది?”

“వినాయక సవితి కాడినుంచి.”

“తొమ్మిది రోజులు. తొమ్మిది రోజులు విని ఇప్పుడు పిలిసేవా?”

“ఇంట్లో దానికి దగ్గొస్తే వెంటనే డాక్టర్ని పిలుస్తామేటి,” అన్నాడు మన్మథరావు.

“అది నాకు తెలుసు,” అంది గున్నమ్మ.

ఆ కంప్యూటర్ సుమంత్ ప్రాథమిక పాఠశాలలో ఉన్నప్పటిది. లోపలి డిస్కు నూట అరవై జీబీ. దాంట్లో జాగా అడుగంటింది. అడుగంటినా పరవాలేదు, అది చావబోతోంది. కొత్త డిస్కు ఒకటి తెచ్చి, పెట్టెలో పాతదాని పక్కనే బిగించి, పాతదాంట్లో ఉన్నది అందులోకి దించుకోవాలి. పెన్‌డ్రైవ్‌లోకి ఎందుకు దించకూడదని ఎవరైనా అడుగుతారు. మొన్న వేసవిలో పడిన పిడుగుకి ఆ పెట్టె యూఎస్‌బీ కన్నాలన్నీ మాడిపోయాయి. కీబోర్డూ మౌసూ పాతకాలపు గుండ్రటి పిన్నులవి కనక బతికాయి.

“ఒకటి సెప్తాను, ఇద్దరూ వినండి,” అన్నాడు సుమంత్. “దీన్ని ఆపకండి. తిరుగుతున్నంతసేపే తిరుగుతాది. ఆపితే మళ్ళీ లెగుస్తాదని నాను మాటియ్యను.”

“ఆపకుండా కొత్తది ఎలగ బిగిస్తావు?”

“నడుస్తుండగానే మూత తీసి తగిలిస్తాను. బోర్డు ఒప్పుకుంటే ఒప్పుకుంటాది.”

“ఒప్పుకోపోతే?”

“అప్పుడు సూద్దుం.”

మన్మథరావు మానిటర్‌కి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగి ఫోల్డర్లు చూసుకున్నాడు. ఈ మధ్య అలాగే చూస్తున్నాడు. చక్కెర జబ్బు కళ్ళకి పాకిందని విజయనగరం డాక్టర్ చెప్పి ఆరు నెలలైంది.

ఆయన పార్వతీపురం దగ్గరివాడు. పంతొమ్మిదో ఏట రాయగడ వచ్చి, ఒక ఫొటోగ్రాఫర్ దగ్గర చేరి, తర్వాత సొంతంగా సంతలు తిరిగాడు. ఒక వారం మునిగుడ, ఒక వారం కాశీపూర్. రెండు వెదుళ్ళు పాతి, నీలం గుడ్డ కట్టి, ముందు ఒక స్టూలు వేసేవాడు. వోటరు కార్డుకీ, బ్యాంకు పుస్తకానికీ, కాంట్రాక్టరు గేటు పాసుకీ ఫొటో కావలసిన వాళ్ళు వరసలో నిలబడేవారు. కొండమీంచి దిగినవాళ్ళలో చాలామందికి అదే మొదటి ఫొటో. ఫొటో అంటే కోటుండాలని వాళ్ళకి ఎవరు చెప్పారో గాని అందరూ కోటు అడిగేవారు. మన్మథరావు దగ్గర ఉన్నది ఒకటే నల్లకోటు. వేసుకొచ్చిన చొక్కా విప్పి వెదురుకి తగిలించి, కోటు తొడుక్కుని, ఫొటో దిగి, కోటిచ్చేసి వెళ్ళేవారు. స్టూడియో పెట్టాక వెదురు బదులు మేకు వచ్చింది. కోటు మారలేదు. దాని కుడి మోచెయ్యి గున్నమ్మ నాలుగుసార్లు కుట్టింది.

అందరిదీ ఒకే కోటు కదా, మరి ఎవరి ఫొటో ఏదో ఎలా తెలియాలి? పేర్లు అడిగి రాసుకునే తీరిక సంతలో ఉండదు. అందుకని మన్మథరావు విప్పిన చొక్కాని గుర్తు పెట్టుకున్నాడు. సంత పేరు, తారీకు, చొక్కా రంగు. ఆ మూడూ ఫైలు పేరుగా, ఇంగ్లీషు అక్షరాల్లో, తను పలికే పలుకులో కొట్టుకున్నాడు. నీలం సొక్కా మూడు, అంటే ఆ రోజు మూడో నీలం చొక్కా. పసుపు గళ్ళు రెండు. సిరిగిన జేబు. సొక్కా నేదు. మొదటిసారి ఇవి చూసినప్పుడు సుమంత్ కడుపు పట్టుకుని నవ్వాడు.

“ఆ సొక్కా ఫొటోలో కనపడదు కదా బాబాయ్. కోటు కిందెక్కడా లేదు.”

“నాకు కనపడతాది,” అన్నాడాయన.

రెండో డిస్కు ఏది కొనాలన్న మాట ఇంకా తేలకముందే సింహాచలమ్మ వచ్చింది. మున్సిపాలిటీలో ఊడుస్తుంది. పొద్దుటి డ్యూటీ అయిపోయింది, నారింజరంగు యూనిఫాం జాకెట్టు ఇంకా ఒంటిమీదే ఉంది. చీపురు బయట గోడకి ఆనించి, కాళ్ళు గోనెమీద తుడుచుకుని లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చుంది.

“తెరువు బావూ,” అంది.

ఎందుకొచ్చిందో మన్మథరావు అడగలేదు. విశ్వకర్మ పూజకి ముందురోజు ఆమె రావడం ఇది పదకొండోసారి. ఆమె మొగుడు అసిరయ్య పదకొండేళ్ళ కిందట ఆ రోజే, గేటు పాసుకని ఇక్కడ ఫొటో దిగి, సాయంత్రం రైలెక్కి పనికి మద్రాసు వైపు పోయాడు. రెండు వారాలు ఫోన్ చేశాడు. తర్వాత చేయలేదు. మేస్త్రీకి తెలీదు. పోలీసులకి తెలీదు. సింహాచలమ్మ మాత్రం బొట్టు తియ్యలేదు, ఏడాదికోసారి వచ్చి మొగుణ్ణి తెరమీద చూసి వెళ్తుంది. ఫొటో వేసి ఇస్తానని మన్మథరావు మొదటి ఏడే అన్నాడు. ఆమె వద్దంది. మనిషి బొమ్మ పటంలోకెక్కి గోడమీదకి చేరిందంటే వాళ్ళ పేటలో ఒకటే అర్థం. దండ కొనమని ఎవరో ఒకరు అంటారు. తెరమీదైతే అసిరయ్య ఎక్కడో ఉన్నట్టే.

మన్మథరావు తడుముకోకుండా ఫోల్డర్ తెరిచి ఒక బొమ్మ మీద నొక్కాడు. టిక్. టిక్, టిక్. పైనుంచి కిందకి గీతలు గీతలుగా బొమ్మ దిగింది. జుట్టు. నుదురు. కళ్ళు. ముక్కు సగంలో ఆగింది. దాని కింద అంతా బూడిదరంగు.

“మూతేదీ?” అంది సింహాచలమ్మ.

“కంప్యూటరుకి జొరమొచ్చింది అమ్మీ. రెండ్రోజులు పోయేక రా.”

“ఏడాదికి ఒక్కపాలి వొస్తాను. ఆ ఒక్కపాలికీ జొరవేనేటి.” ఆమె లేచింది. గుమ్మం దగ్గర ఆగి, “వొస్తాదా?” అంది. ఆమె చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

తుడిసీ అన్న గున్నమ్మ కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. “ఆ డిస్కేదో ఎల్లి తే నాయినా,” అంది సుమంత్‌తో.

రాయగడలో సుమంత్ ఎరిగిన దుకాణాలు రెండే. ఒకదాంట్లో సీసీ కెమెరా పెట్టెలోంచి ఊడదీసిన డిస్కు ఉంది. రెండోదాంట్లో బాక్సు చిరిగిన నాలుగు టీబీది ఉంది, అది ఈ పాత విండోస్‌కి సగమే కనపడుతుంది. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఐదు రోజులంటోంది. టిక్ మనే డిస్కుకి ఐదు రోజులు ఎవరిస్తారు? కొరాపుట్‌లో కంప్యూటర్ దుకాణం నడిపే బిశ్వజిత్‌కి ఫోన్ చేశాడు. కొత్తవి ఉన్నాయన్నాడు. సుమంత్ పది గంటల బస్సు ఎక్కాడు. బస్సులో కూర్చోలేక సగం దారి ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.

బిశ్వజిత్ ఒడియావాడు. తెలుగు పెళ్ళాం వచ్చాక తెలుగు కూడా బేరమాడే మేరకి వచ్చింది. కౌంటర్ మీద మూడు డిస్కులు వరసగా పెట్టాడు.

“ఇది తీస్కో భాయి. రెండు టీబీ. కెమెరాలకి వాడేది. ఇరవై నాలుగు గంటలు తిరిగినా అలసట లేదు.”

“తగిలించు.”

తన మెషీన్‌కి తగిలించి లెక్క చూపించాడు. ముప్పై ఒక్క వేల గంటలు తిరిగి ఉంది. సుమంత్ అతని మొహంలోకి చూశాడు.

“నా దగ్గర కూడా కొత్తదనే అమ్ముతావేటి?”

“కొత్తదన్నానా? అలసట లేదన్నాను,” అని బిశ్వజిత్ దాన్ని మెల్లిగా పక్కకి జరిపాడు. “అయితే ఇది సూడు. ఎస్సెస్‌డీ. తిరిగేదే లేదు లోపల. మీ బాబాయి ముసలి కంప్యూటరు గుర్రంలా పరిగెడుతుంది.”

సుమంత్‌కి మనసు దానిమీదే ఉంది. ఎవరింట్లోనైనా తను పెట్టేది అదే. అయినా ఆయన వస్తువు కదా అని ఫోన్ చేశాడు.

“బాబాయ్, రెండున్నాయి. ఒకటి పాతరకం, తిరిగేది. ఒక టీబీ. రెండోది తిరగదు, మెరుపులాగుంటాది. జాగా తక్కువ.”

“ఆ తిరగనిది సప్పుడు సేస్తాదా?”

“సెయ్యదు. అదే దాని గొప్ప.”

“మరి పోయేటప్పుడు ఎలగ తెలుస్తాది?”

“ఒక్కోపాలి తెలీదు. రాత్రి ఉంటాది, పొద్దున్న ఉండదు.”

“అది వొద్దు. సెప్పకుండా పోయినోల బొమ్మలకి, సెప్పకుండా పోయే పెట్టా? తిరిగేది తే. మూలిగితే నాను వింటాను.”

తప్పని చెప్పబోయి సుమంత్ మానేశాడు. టిక్ మనకపోయి ఉంటే ఇవాళ తను కొరాపుట్‌లో ఉండేవాడు కాదు. ఒక టీబీది తీసుకున్నాడు. కవరు అతుకు చూశాడు, డబ్బా మీది నంబరూ డిస్కు మీది నంబరూ కలిపి చూశాడు, తిరిగిన గంటలు సున్నా అని చూశాడు. బిశ్వజిత్ పాత పెట్టెలో కరెంటు పిన్ను ఖాళీ ఉండదని, ఒక పిన్నుని రెండు చేసే సన్నటి వైరు ఒకటి ఊరికే ఇచ్చాడు. ఊరికే వచ్చింది కదా అని సుమంత్ దాన్ని చూడలేదు.

మధ్యాహ్నం ఘాట్‌లో లారీ అడ్డం పడిందని బస్సులు ఆపేశారు. ఆ పూట బిశ్వజిత్ ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేశాడు.

“బాబాయ్, నాను రేపొస్తాను. ఆపలేదు కదా?”

“ఇయ్యాల ఆపనులే.”

మర్నాడు బస్సు రాయగడ చేరేసరికి పదకొండు దాటింది. ఆటోలన్నిటికీ అరటి పిలకలు, కాగితం పూలు. గ్యారేజీల ముందు పందిళ్ళు, మైకులు. విశ్వకర్మ పూజ. ఆ రోజు ఏ పనిముట్టూ కదలదు. రెంచి, రంపం, కుట్టుమిషను, తూకం రాళ్ళు, అన్నీ కడిగి బొట్టు పెట్టించుకుని కూర్చుంటాయి. ఇది సుమంత్‌కి చిన్నప్పటినుంచీ తెలుసు. స్టూడియో షట్టర్ ఎత్తేవరకూ మాత్రం గుర్తు రాలేదు.

కంప్యూటర్‌కి బంతిపూల దండ ఉంది. మానిటర్‌కి మూడు చోట్ల పసుపు, కుంకుమ. కెమెరా పక్కన, మడతపెట్టిన నల్లకోటు మీద కూడా ఒక బొట్టు. ముందు అరటాకులో బూందీ. గది నిశ్శబ్దంగా ఉంది. టిక్ లేదు.

“పిన్నీ,” అన్నాడు సుమంత్. “ఎవులాపేరు?”

“నాకేసి సూడకు. నాను వొద్దన్నాను. ఆ కుర్రోడు సెప్పేడు ఆపొద్దని, అని రెండుపాల్లు అన్నాను.” గున్నమ్మ మొగుడికేసి గడ్డం చూపించింది. “తెల్లారగట్ట తలంటుకుని ఈయనే ఆపేరు.”

మన్మథరావు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త పంచె కట్టుకున్నాడు.

“పదిహేనేళ్ళు,” అన్నాడు. “ఏడాదంతా అది నాకు పన్జేసింది. ఈ ఒక్కరోజూ నాను దాన్ని నిలబెట్టి పూజ సెయ్యాలి. జబ్బులో ఉందని మానేస్తే ఇంక లెగుస్తాదా?”

“పూజ సేస్తే లెగుస్తాదేటి? అది ఇనుము. తిరుగుతున్న ఇనుమునాపీసేవు.”

“నీకు తెలీదు.”

“నాకే తెలుసు. ఈ గదిలో నాకొక్కడికే తెలుసు.” సుమంత్ డిస్కు డబ్బా బల్లమీద పెట్టి స్క్రూడ్రైవర్ తీశాడు. “మూత తీస్తాను.”

మన్మథరావు లేచి వచ్చి పెట్టె మీద చెయ్యి వేశాడు. కోపంగా కాదు. వేసి ఉంచాడంతే.

“ఇయ్యాల ముట్టకు. రేపు పొద్దున్న.”

“సింహాచలమ్మకి నువ్వే సెప్పుకో మరి,” అని సుమంత్ షట్టర్ కింద తల తగులుతున్నా చూసుకోకుండా బయటికి పోయాడు. ఆ రోజంతా మైకుల మధ్య ఊళ్ళో బండి మీద తిరిగాడు. ఎక్కడా ఆగలేదు. ఆ ముక్కు సగం దగ్గర ఆగిపోయిన బొమ్మ అతని వెంటే తిరిగింది. అతనికేమవుతాడు అసిరయ్య? ఏమీ కాడు.

మర్నాడు, పద్దెనిమిదో తారీకు పొద్దున్న ఏడింటికే వచ్చాడు. మన్మథరావు తనే దండ తీసి పక్కన పెట్టాడు. సుమంత్ మూత ఊడదీసి, దుమ్ము ఊది, పాతదాని కింద గూట్లో కొత్తదాన్ని నాలుగు మరలతో బిగించాడు. బిశ్వజిత్ ఇచ్చిన సన్న వైరు సీడీ డ్రైవు పిన్నుకి తగిలించి, ఒక కొస సీడీ డ్రైవుకీ రెండోది కొత్త డిస్కుకీ ఇచ్చాడు.

“నొక్కు,” అన్నాడు. తను నొక్కడానికి చెయ్యి రాలేదు.

మన్మథరావు మీట నొక్కాడు. ఫ్యాను తిరిగింది. టిక్. టిక్. టిక్. తెర మీద తెల్ల అక్షరాలు రెండు వరసలు వచ్చి ఆగిపోయాయి. డిస్కు కనపడటం లేదని.

ఆపి మళ్ళీ నొక్కారు. టిక్. టిక్. టిక్.

“అయిపోనాది,” అన్నాడు సుమంత్. “నాను సెప్పేను. మొన్నే సెప్పేను బాబాయ్, నోరు నొప్పెట్టేలా సెప్పేను. నీకు బొట్లు గావాల, దండలు గావాల.”

గున్నమ్మ లోపలి గుమ్మంలోంచి, “ఒరే, ఆగరా,” అంది. ఆమె చూస్తున్నది మొగుణ్ణి. ఆయన నేలమీద చతికిలబడి, తెరిచిన పెట్టెకి చెవి ఆనించాడు.

“ఇంకోపాలి నొక్కు,” అన్నాడు.

టిక్. టిక్.

“ఇది మొన్నటి సప్పుడు కాదు. మొన్నటిది గొంతులోంచి వొచ్చేది. ఇది నీరసంగా ఉంది.” వేలు ఎత్తి సీడీ డ్రైవు దీపం చూపించాడు. “ఆ దీపం సూడు. టిక్కుమన్నప్పుడల్లా మసకేస్తంది. కాశీపూర్ సంతలో అద్దె జనరేటరు మీద రెండు బల్బులు ఎక్కువ తగిలిస్తే నా ఫ్లాషు ఇలగే ఏడ్సేది. దీనికి కరెంటు సాల్లేదు.”

సుమంత్ సన్న వైరు కేసి చూశాడు. ముసలి పెట్టె, దాని కరెంటు డబ్బాదీ అదే వయసు. దానిమీద ఒక మోత ఎక్కువ పెట్టింది తనే. వైరు లాగి పారేశాడు. సీడీ డ్రైవు పూర్తిగా ఊడదీసి, దాని పిన్ను నేరుగా కొత్త డిస్కుకి ఇచ్చాడు. మీట తనే నొక్కాడు.

టిక్. తర్వాత ఒక మూలుగు. మూలుగు సన్నగా పైకి లేచి నిలబడింది. తెరమీద విండోస్ గుర్తు వెలిగింది.

గున్నమ్మ లోపలికి వెళ్ళి టీ పెట్టింది.

కొత్త డిస్కుని సిద్ధం చేసి సుమంత్ అడిగాడు. “ఇది ఎంతసేపుంటాదో నాను సెప్పలేను. ఏది ముందు?”

“పాతయి ముందు. కొత్తోల మొకాలు ఆల్ల ఫోన్లలోనే ఉంటాయి. పాతోలకి ఇదే.”

“అసిరయ్యది ముందు తీసీనా? ఒక్కటే కదా. రెండు సెకన్లు.”

మన్మథరావు చెయ్యి మోకాలి మీద బిగుసుకుంది. ఆయనకీ అదే కావాలని సుమంత్‌కి తెలుస్తూనే ఉంది.

“వొద్దు. వరసలో రానీ. సంతలో నాను ఎవుల్నీ వరస తప్పించలేదు.”

“ఇది సంత కాదు.”

“ఆల్లందరూ నిలబడే ఉన్నారు కదా.”

రెండువేల తొమ్మిది కదిలింది. తర్వాత పది. పచ్చగీత పాకింది, ఆగింది, పాకింది. చదవలేకపోతున్నానని పెట్టె అన్నప్పుడల్లా సుమంత్ మూడుసార్లు ప్రయత్నించి, రాకపోతే దాటించాడు. దాటించిన ప్రతిసారీ మన్మథరావు ఆ పేరు పైకి చదివించుకున్నాడు. “సిరిగిన జేబు, మునిగుడ.” “ఆ. లొంబొదరొ కొడుకు. ఎడంకన్ను మెల్ల.” ఇంకోటి. “గచ్చకాయ రంగు సీర.” “ఆవిడ పోయింది. కూతురు లమ్తపుట్‌లో ఉంది.” పన్నెండో సంవత్సరంలో ఒక ఫోల్డర్ దగ్గర పచ్చగీత అరగంట ఆగిపోయింది. సుమంత్ నిలబడే ఉన్నాడు. పొద్దుట్నించీ ఒక్కచోట నిలబడి ఉన్నానని అతనికి తోచలేదు.

గున్నమ్మ టీ గ్లాసులు తీస్తూ, “మా పెళ్ళి ఫొటో వొచ్చీసిందా?” అంది.

“మొదట్లోనే వొచ్చీసింది పిన్నీ.”

“పక్కకే సూస్తన్నారా?”

“పక్కకే.”

పదమూడు దాటింది. పద్నాలుగు, పదిహేను. పదిహేడులో సగానికి వచ్చేసరికి మూలుగు ఒక్కసారి కిందకి జారి ఆగింది. పచ్చగీత ఎర్రబడింది. మళ్ళీ నొక్కితే టిక్ కూడా రాలేదు. సమయం ఒకటిన్నర. సుమంత్ చెమట తుడుచుకుని పాతదాని పిన్ను లాగేశాడు. ఊడదీసిన సీడీ డ్రైవుని ఒక్కపూటకి వెనక్కి తగిలించి, బ్యాగులో తను తెచ్చుకున్న సీడీలోంచి విండోస్‌ని కొత్త డిస్కులో ఒక పక్కన ఎక్కించాడు. గంటన్నర పట్టింది. ఫొటోలు కొత్తదాంట్లోంచి తెరుచుకున్నాయి. మన్మథరావు అప్పటిదాకా ఉగ్గబట్టుకుని ఉన్నాడు. వెనక పెరట్లోకి వెళ్ళాడు.

అదే సమయానికి సింహాచలమ్మ వచ్చింది.

“తగ్గిందేటి జొరం?”

“తగ్గింది. కూకో అప్పా. తీస్తాను.”

రెండువేల పదమూడు సెప్టెంబర్ ఫోల్డర్ తెరిచాడు. గేటు పాసుల రద్దీలో ఆ ఒక్క తారీకు మీదే రెండువందల పద్నాలుగు బొమ్మలు. చొక్కా పేర్లు. ఏ చొక్కా?

“ఆ రోజు ఏ సొక్కా ఏసుకున్నాడు?”

ఆమె నుదురు ముడుచుకుంది. “నాను డ్యూటీలో ఉన్నాను కదా నాయినా.”

సరే, మొహాలు చూపిస్తే ఆమే చెప్తుందని ఒక్కొక్కటే పెద్దది చేశాడు. నీలం గుడ్డ, నల్లకోటు, ఒక మగవాడు. నీలం గుడ్డ, నల్లకోటు, ఇంకో మగవాడు. అందరూ ఒకేలా భుజాలు బిగబట్టుకుని, ఒకేలా కెమెరాకేసి చూస్తున్నారు. ఆమె తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. అరవై దాటాక ఊపడం నెమ్మదించింది. ఎనభై ఎన్నో దాని దగ్గర,

“ఆగు,” అంది.

సుమంత్ ఆగాడు. ఆమె స్టూలు ముందుకి జరుపుకుంది. బొమ్మ మొత్తం ఉంది, మూతి కూడా. చాలాసేపు చూసింది. బయట ఒక ఆటో హారన్ కొట్టి పోయింది.

“ఈడేనా?” అంది.

ఆమె అడుగుతున్నది తననే. అవునంటే అవునవుతుంది. ఆమె ఇంటికి వెళ్ళి ఏడాది పొడవునా ఆ మొహాన్నే తలుచుకుంటుంది. పాత తెరమీద అతను చూసింది నుదురూ కళ్ళూ మాత్రమే, అదీ ఒక్క నిమిషం.

“నాకు తెలీదు అప్పా,” అన్నాడు.

మన్మథరావు చేతులు తుడుచుకుంటూ వచ్చి వెనక నిలబడ్డాడు. తెర చూశాడు, సింహాచలమ్మని చూశాడు. సుమంత్ చేతిలోంచి మౌసు తీసుకుని, ముక్కు తెరకి ఆనించి, కిందకి జరిపి, పసుపు గళ్ళు రెండు మీద నొక్కాడు.

అసిరయ్య వచ్చాడు. గడ్డం మీదుగా ఒక సన్నటి బూడిద గీత ఉంది, అంతే. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి, ఫొటో తీసేవాడితో ఏదో అనబోతున్నట్టు.

“ఆ,” అంది సింహాచలమ్మ. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఆ. ఈడే. ఈడు కదా. నాను ఆడనుకున్నానేటి.” కాసేపటికి, “ఏటంటన్నాడు బావూ, ఆ మూతి?”

“కోటు బిగుతుగా ఉందన్నాడు. ఊపిరాడతాలేదన్నాడు.”

ఆమె నవ్వింది. నవ్వుతూనే లేచింది. ఫొటో వేసి ఇమ్మంటావా అని మన్మథరావు ఈసారీ అడిగాడు, ఆమె ఈసారీ వద్దంది. చీపురు తీసుకుని స్టేషన్ వైపు వెళ్ళింది.

సుమంత్ సామాను సర్దుకున్నాడు. పాత డిస్కు బల్లమీద పెట్టాడు. హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాక మన్మథరావు పిలిచాడు. ఆయన మానిటర్ ముందే ఉన్నాడు. కళ్ళద్దాలు తీసి పంచెకొంగుతో తుడుస్తున్నాడు.

“ఒరే సుమంతూ. ఆ డిస్కు మంచిదే తెచ్చేవు. కానీ దాంట్లో ఉన్నయి సొక్కాలు. ఆ సొక్కాలు నాకే కనపడతాయి, నాకు ఇంక ఎన్నాళ్ళు కనపడతాయో తెలీదు. రోజుకి ఒక్క గంట ఒచ్చి నా పక్కన కూకో. నాను ఎవులు ఎవులో సెప్తాను, నువ్వు పేర్లు కొట్టు.”